ఖారియాలో మనవడి ధూండ్

ఏన్కూరు సెంటర్లో ఖయ్యూం గాజుల దుకాణం వెనక గదిలో ఆ పొద్దున ఒక యుద్ధమే జరిగింది. ఒక పక్క ఖయ్యూం భార్య రజియా, ఇంకో పక్క తండా నుంచి వచ్చిన బాలి, మధ్యలో ఆరు గజాల నేత చీర. రజియా కుచ్చిళ్ళు పోసి దోపుతుంది, బాలి రెండడుగులు వేస్తుంది, కుచ్చిళ్ళు జారి కాళ్ళ మీద పడతాయి. బుద్ధెరిగిన నాటి నుంచి అద్దాలు కుట్టిన పేటియా, గవ్వల రవికా తప్ప ఒంటి మీద ఇంకొకటి ఎరగని మనిషి బాలి. పేటియా అంటే మడమల దాకా గొడుగులా విచ్చుకునే లంబాడీ లంగా. అది కట్టుకుని మిరపచేలో దిగితే మగవాళ్ళకంటే నాలుగు సాళ్ళు ముందుండేది. ఇప్పుడు చీరలో గడప దాటడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

"గిదేం బట్టనే రజియా! నడుస్తుంటే నాకు నేనే అడ్డం పడుతున్న," అంది.

రజియా నోట్లో పిన్నీసు పెట్టుకుని నవ్వాపుకుంది. ఆఖరికి నాలుగు చోట్ల పిన్నీసులు గుచ్చి, ఇక రైలు పట్టాలు తప్పినా ఈ చీర జారదని హామీ ఇచ్చింది.

ఇంత అవస్థా కొడుకు కోసం. హాతీరాం బాలికి ఒక్కగానొక్కడు. మొగుడు పోయాక పెనుబల్లి రైతుల చేలల్లో కాయ కోసి, ఖమ్మం హాస్టల్లో పెట్టి చదివించింది. వాడు సరిహద్దు దళంలో జవాను అయి, తిరిగి తిరిగి రాజస్థాన్ ఎడారిలో ఖారియా అనే చిన్న ఊళ్ళో పడ్డాడు. భార్య మంగ్లీని తీసుకెళ్ళి అక్కడే ఒక కిరాయి ఇంట్లో కాపురం పెట్టాడు. కిందటి వానాకాలంలో వాళ్ళకు కొడుకు పుట్టాడు. ఆ కబురు తెలిసిన రోజు తండా అంతా బెల్లం పంచింది బాలి. ఆ మర్నాటి నుంచే ఆమెకు దిగులు పట్టుకుంది.

దిగులు హోళీ గురించి. మగపిల్లవాడు పుట్టాక వచ్చే మొదటి హోళీకి తండాలో ధూండ్ చేస్తారు. మగవాళ్ళంతా కర్రలు పట్టుకుని ఆ ఇంటికి వచ్చి, పసివాణ్ణి మధ్యలో కూర్చోబెట్టి, వాడి తల మీదుగా కర్రకు కర్ర తాటిస్తూ పాడతారు. ఆ చప్పుడు కింద కూర్చున్నాకే వాడు తండా మనిషి. ఆ ఒక్క హోళీ తప్పిపోతే మళ్ళీ చేసేది లేదు. బాలి లెక్కలో ధూండ్ కాని పిల్లవాడు పుట్టీ పుట్టనట్టే. హాతీరాం మాత్రం సెలవు లేదనీ, ఈ కాలంలో ధూండూ గీండూ ఎవరు అడుగుతారనీ రాశాడు.

వాడు రాకపోతే తానే వెళ్ళి కోడలినీ మనవడినీ హోళీలోగా తండాకు పట్టుకొస్తానని బాలి పంతం పట్టింది. పందొమ్మిది వందల ఎనభై ఏడో సంవత్సరం అది. ఖయ్యూం దంపతులు అజ్మీరు దర్గా ఉర్సుకు వెళ్తున్నారు. వాళ్ళ వెంట అజ్మీరు దాకా వెళ్తే, అక్కడికి హాతీరాం వచ్చి తల్లిని తీసుకెళ్తాడు. వాళ్ళు తిరుగు రైలెక్కేలోగా ఆమె తల్లీపిల్లల్ని వెంటబెట్టుకుని అజ్మీరు చేరుకుంటుంది. ఈ రెండో సగం కొడుక్కి చెప్పలేదు. కొడుకు రమ్మన్నాడు కానీ, ఖయ్యూంకు రాసిన ఉత్తరంలో ఒక షరతు పెట్టాడు, యాడిని చీరలో తీసుకురమ్మని. యాడి అంటే లంబాడీలో అమ్మ. ఆ ముక్క చదివేటప్పుడు ఖయ్యూం గొంతు తగ్గించాడు. బాలి ఇంటికి పోయి, పేటియా మడిచి పెట్టెలో పెట్టేసింది.

రైలెక్కగానే ఆ నొప్పి సగం ఎగిరిపోయింది. ఖమ్మం దాటి ఎన్నడూ పోని మనిషికి కిటికీ పక్కన చోటు దొరికితే ఇక చెప్పేదేముంది! కాజీపేట దాటింది మొదలు ప్రతి స్టేషన్లోనూ ఇదే ఊరని అడిగేది. పత్తిచేను కనబడితే కాయ ఎలా ఉందో చూసేది, మిరపతోట కనబడితే తెగులు వచ్చిందని తిట్టేది. రెండు రైళ్ళు మారేసరికి ఖయ్యూం జవాబులు అయిపోయి ముసుగుతన్ని పడుకున్నాడు. రజియాకు మాత్రం ఆమె సంబరం అంటుకుంది. ఇద్దరూ పల్లీలు ఒలుచుకుంటూ, కనబడిన ఊరల్లా తమదే అన్నట్టు మాట్లాడుకున్నారు.

అజ్మీరులో హాతీరాం తల్లి కాళ్ళకు మొక్కాడు. చీర వైపు చూసి తృప్తిగా తలూపాడు కూడా. అక్కడి నుంచి చిన్న పట్టాల రైలులో ఒక రాత్రి ప్రయాణం. తెల్లవారి కళ్ళు తెరిచిన బాలి కిటికీకి ముఖం ఆనించి బయటికి చూసింది.

అంతా ఇసుకే. భద్రాచలం దగ్గర ఎండాకాలపు గోదారిని చూసింది ఆమె. ఇది కూడా అలాంటి ఇసుకే, గోదారి మాత్రం ఎక్కడా లేదు. అడవి అంచున పుట్టి పెరిగిన కంటికి అంత దూరం చూపు ఆనకుండా పోవడం కొత్త. అక్కడొకటి ఇక్కడొకటి జమ్మిచెట్లు నిలబడి ఉన్నాయి. ఒక దిబ్బ మీద నెమలి. రైలుకట్ట పక్కన ఒంటె బండి లాగుతోంది, దాని మీద ఒక మనిషి హాయిగా పడుకుని నిద్రపోతున్నాడు. బాలి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. పక్కనున్న వాళ్ళు చూస్తున్నారని హాతీరాం ఆమె మోచేయి పట్టుకున్నాడు. నలుగురిలో ఆమెతో వాడు హిందీలో మాట్లాడుతున్నాడనీ, యాడీ అనడం మానేసి 'మా జీ' అంటున్నాడనీ బాలి గమనించింది. కానీ కిటికీ బయట ఒంటెలు మంద మంద వస్తుంటే ఎవరు ఎలా పిలిస్తే ఏం!

అసలు వింత ఖారియాలో దిగాక మొదలైంది. స్టేషను దాటి బజారులో అడుగు పెట్టగానే బాలి నిలబడిపోయింది. ఎదురుగా వస్తున్న ఆడవాళ్ళందరూ పేటియాల్లాంటి ఘాగ్రాలే కట్టుకుని ఉన్నారు. ఎర్రవి, పసుపువి, అద్దాలు కుట్టినవి. మోచేతుల పై దాకా తెల్లటి గాజులు, తల మీద పొడుగాటి ముసుగు. నీళ్ళ బిందె కింద పెట్టుకునే చుట్టకుదురు కూడా అచ్చం తండాలోదే, గవ్వలు కుట్టి ఉంది. ఊరు ఊరంతా ఆమె బట్టలే వేసుకుని తిరుగుతోంది. ఆ బజారు మొత్తానికి చీరలో ఉన్నది ఒక్క బాలి. ఆడవాళ్ళు ఆగి ఆగి ఆమెనే చూస్తున్నారు. ఎవరో మద్రాసీ ముసలమ్మ వచ్చిందని ఒకామె ఇంకొకామెతో అంది. ఆ మాట తన లంబాడీకి దగ్గరగా ఉండి, మొత్తం బాలికి అర్థమైంది. ఆ సంగతి తెలిశాక ఆమెకు ఒళ్ళంతా పులకరించింది.

"నీకు ఎరికేనా? గిక్కడ అందరూ మన బట్టలే కడతరని ఎరికుండే నన్ను చీర కట్టుమన్నవా?" అని అడిగింది కొడుకుని.

వాడు సామాను భుజం మార్చుకుని ముందుకు నడిచాడు. ఇక్కడివాళ్ళ సంగతి వేరని మాత్రం గొణిగాడు.

ఇంటికి వెళ్ళి మనవణ్ణి ఎత్తుకోగానే బాలికి కోపతాపాలు గుర్తు లేకుండా పోయాయి. బుగ్గలు బూరెల్లా ఉన్న పిల్లవాడు, చేతికి అందిందల్లా నోట్లో పెట్టుకుంటున్నాడు. నానమ్మ ముక్కు కూడా పెట్టుకోబోయాడు. కానీ అజ్మీరు ప్రయాణం మాట ఎత్తగానే హాతీరాం అడ్డం తిరిగాడు. పిల్లవాడికి జ్వరం వచ్చి తగ్గి వారమే అయింది, దవాఖానాలో డాక్టరు ప్రయాణాలు వద్దన్నాడు, పంపేది లేదన్నాడు. మంగ్లీ కూడా తలొంచుకుని అదే నిజమంది. పసివాడి ఒళ్ళు ముట్టుకుని చూసి బాలి ఇక వాదించలేకపోయింది. తాను ఎందుకు ఇంత దూరం వచ్చిందో ఆ పని కాదని తేలిపోయింది. తమ కోసం చూడొద్దని ఖయ్యూం దంపతులకు అజ్మీరు కబురు పంపించి, తాను కొడుకు దగ్గరే ఉండిపోయింది.

అయినా ఆ ఊరు ఆమెను దిగులుపడనివ్వలేదు. గడప దాటితే చాలు, ఏదో ఒకటి కనబడేది. సెలవు రోజున హాతీరాం అందరినీ ఒంటె బండిలో ఇసుక దిబ్బలకు తీసుకెళ్ళాడు. బాలి చీర మోకాళ్ళ పైకి దోపి దిబ్బ ఎక్కి, పై నుంచి కూర్చుని కిందికి జారింది. మంగ్లీ పొట్ట పట్టుకుని నవ్వింది. దారిలో ఒక పల్లెలో కళ్ళం నిండా మిరపకాయలు ఆరబోసి ఉంటే, బండి ఆపించి దిగి ఒక కాయ కొరికింది. రంగు బాగుంది కానీ మన ఖమ్మం కారం ముందు నిలవదని తేల్చి, ఆ రైతు భార్యతో గంటసేపు తెగుళ్ళ గురించి మాట్లాడింది. ఆమె మార్వాడీలో, ఈమె లంబాడీలో. ఇద్దరికీ ఎక్కడా అడ్డు తగల్లేదు. ఇంతమంది మనుషులు తన భాష మాట్లాడతారని ఇన్నాళ్ళూ తనకెవరూ చెప్పలేదని బాలికి సంతోషంతో పాటు కొంచెం ఉక్రోషం కూడా కలిగింది.

హోళీ ఇంకా మూడు రోజులుందనగా నీళ్ళ దగ్గర పక్కింటి ఝమ్కూ బాయి ఒక మాట అంది. ఆమె కూడా మనవలున్న మనిషే, నోరు ఊరుకోదు. మా వీధిలో నలుగురు పసివాళ్ళకు ఈసారి ధూండ్ ఉంది, మీ వాడిది కూడా మొదటి హోళీయే కదా, మీలో చెయ్యరా అని అడిగింది. బాలి చేతిలో బిందె కింద పడేదే. ధూండా? ఇక్కడా? కర్రలతోనా? కర్రలతోనే, ఇంటింటికీ తిరిగి చేస్తారు, కట్టె కట్టె తాటిస్తారు, పాడతారు అంది ఝమ్కూ. బాలి ఆమెను అక్కడే కౌగిలించుకుంది. రెండు బిందెల నీళ్ళూ అక్కడే వదిలేసి, ధూండ్ జట్టుకు పెద్ద ఎవరో వాళ్ళింటికి అప్పటికప్పుడు తనను తీసుకుపొమ్మంది.

జట్టు పెద్ద మోతీ బా. తెల్లటి గుబురు మీసం, బండి చక్రమంత ఎర్ర తలపాగా. బాలి చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. చీర వైపు ఒకసారి చూశాడు. మాట తమ మాదిరిగా ఉంది కానీ మనిషి తమ మాదిరిగా లేదనుకున్నట్టున్నాడు. వస్తాం, కానీ బిడ్డ తండ్రి పిలవాలి, తండ్రి పిలవని ఇంటికి మా కర్రలు రావు, అది మా కట్టుబాటు అన్నాడు.

బాలి ఇంటికి పరుగెత్తింది. డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటున్న కొడుక్కి ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పింది. దేవుడే తమను ఇక్కడికి తెచ్చాడంది. వెళ్ళి ఒక్క మాట పిలిచి రమ్మంది. హాతీరాం విప్పిన బూటు గోడ వారగా పెట్టాడు.

"నేను పిలువ," అన్నాడు. "గిక్కడ నన్ను ఆంధ్రా జవాన్ అంటరు. గది చాలు నాకు. ధూండ్ అంటే ఎవరు, ఏంది అని అడుగుతరు. ఖమ్మం బస్టాండుల నీ పేటియా అద్దాలు చూసి అందరూ ఎట్ల నవ్విండ్రో నువ్వు మర్సిపోయినవేమో, నేను మర్సిపోలే."

బాలి కూడా మర్చిపోలేదు. ఆ రోజు ఆమె హాస్టల్లో ఉన్న వాడి కోసం జొన్నరొట్టెలు కట్టుకుని వెళ్ళింది. నవ్విన వాళ్ళను లెక్కచెయ్యకుండా, తల వంచకుండా నిలబడింది. తాను తల వంచకపోతే చాలనుకుంది. వాడు వంచుకున్న తల ఇంకా ఎత్తలేదని ఇప్పుడే తెలిసింది. కానీ జాలిపడి ఊరుకునే రకం కాదు బాలి. మనవడి ముఖం చూసింది, కొడుకు ముఖం చూసింది, లేచి మళ్ళీ మోతీ బా ఇంటికి వెళ్ళింది. నా కొడుకు పిలిచాడు, రమ్మన్నాడు అని కళ్ళార్పకుండా అబద్ధమాడి వచ్చింది.

హోళీ నాడు హాతీరాం మధ్యాహ్నం దాకా డ్యూటీ. వాడు గడప దాటిందే తడవు, ఇల్లు పెళ్ళిల్లయింది. మంగ్లీకి భయం ఒక పక్క, సంతోషం ఒక పక్క. అత్త పిండి కలుపుతుంటే కోడలు పూరీలు వత్తింది. ఝమ్కూ పసివాడికి తెల్లటి చొక్కా తొడిగి, కాటుక పెట్టి, తన ఇంటి నుంచి పీట తెచ్చి వాకిట్లో వేసింది. బాలి ఇంకో పని కూడా చేసింది. తండాలో ధూండ్ నాడు వాకిట్లో గుంజ పాతి, పూరీల కుండ దానికి కడతారు. ఆడవాళ్ళు కర్రలు పట్టుకుని కాపలా ఉంటారు. పాట అయిపోయాక మగవాళ్ళు ఆ కుండ కోసం ఎగబడాలి, ఆడవాళ్ళు వాళ్ళను కొట్టాలి. దెబ్బ తినకుండా పూరీ తిన్నవాడు తండాలో ఉండడు. బాలి గుంజ పాతింది, కుండ కట్టింది, మంచి వేపకర్ర ఒకటి ఏరి పక్కన పెట్టుకుంది.

డప్పులు వినబడగానే ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. రంగులు పూసుకున్న ఇరవై మంది మగవాళ్ళు కర్రలు ఊపుకుంటూ వీధిలోకి మళ్ళారు. వాళ్ళ వెనక వీధి జనమంతా. తండ్రి డ్యూటీలో ఉన్నాడని ఝమ్కూ మొగుడే పీట మీద కూర్చుని పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకున్నాడు. మోతీ బా ఒక కర్రను పసివాడి తల మీద అడ్డంగా పట్టుకున్నాడు. మిగతావాళ్ళు దాని మీద తమ కర్రలు టకటకా తాటిస్తూ పాట ఎత్తుకున్నారు. నువ్వు పెరగాలి, గుర్రమెక్కాలి, నీ ఇంటి ముందు ఆవులమంద నిలవాలి అనే అర్థం వచ్చే పాట. మాటలు కొన్ని వేరు, వరస అదే. బాలి ఆగలేకపోయింది. వాళ్ళ పాటలోకి తన గొంతు కలిపింది. వాళ్ళు ఆపిన చోట తండా చరణం ఎత్తుకుంది. కర్రలు ఆ చరణానికి కూడా అంతే పొందిగ్గా తాళం వేశాయి. పిల్లవాడు ఏడవలేదు సరికదా, పైకి చూసి కిలకిలా నవ్వాడు. అయింది. మనవడి ధూండ్ అయింది. బాలి కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి.

ఆ సంతోషంలో ఆమె ఎక్కడుందో మరిచిపోయింది. పాట అయిపోయాక ఖారియా పద్ధతి ప్రకారం మోతీ బా మిఠాయి తీసుకుందామని నెమ్మదిగా కుండ వైపు చెయ్యి చాచాడు. బాలి తండా పద్ధతి ప్రకారం కర్ర ఎత్తి ఆయన వీపు మీద ఒక్కటి వేసింది.

డప్పు ఆగిపోయింది. మోతీ బా తలపాగా జారి ఇసుకలో పడింది. ఆ దేశంలో మగవాడి తలపాగా నేల మీద పడడం ఎంత మాటో ఝమ్కూ ముఖం చూస్తే తెలిసిపోయింది. నలుగురు కుర్రాళ్ళు ముందుకు తోసుకొచ్చారు. బాలి చేతిలో కర్ర అలాగే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే డ్యూటీ దిగిన హాతీరాం, వెంట ఇద్దరు జవాన్లతో వీధి మలుపు తిరిగాడు.

వాడు గుంజ చూశాడు. కర్ర పట్టుకున్న తల్లిని చూశాడు. ఇసుకలో తలపాగా చూశాడు. ఏం జరిగిందో వాడికి ఒకరు చెప్పక్కర్లేదు. మోతీ బా వట్టి తలతో వాడి ఎదుటికి నడిచి వచ్చాడు.

"మమ్మల్ని నువ్వే పిలిచినవా?" అని అడిగాడు.

లేదని చెబితే బతుకంతా వాడు ఆంధ్రా జవానే. తల్లి మాత్రం అబద్ధం చెప్పి పెద్దమనిషిని పిలిపించి, నలుగురిలో కొట్టిన పిచ్చిదవుతుంది. బాలి వాడి వైపు చూడలేక పిల్లవాడి వైపు చూస్తూ నిలబడింది. చేసిన ధూండ్ కూడా వెనక్కి తీసుకుంటారేమోనని భయం వేసింది.

హాతీరాం వంగి తలపాగా తీశాడు. ఇసుక దులిపి, రెండు చేతులతో పట్టుకుని మోతీ బాకు ఇచ్చాడు.

"అవ్, నేనే పిలిచిన," అన్నాడు. హిందీలో కాదు, తండా భాషలో, వెనక జవాన్లకు కూడా వినబడేలా. "మేం లంబాడోళ్ళం. ఈమె మా యాడి. ధూండ్ నాడు కుండ మీద చెయ్యేసినోన్ని మా ఆడోళ్ళు కొడతరు. పెద్ద చిన్న చూడరు."

మోతీ బా తలపాగా చుట్టుకున్నాడు. కుండ గుంజుకుంటే పూరీలు ఎవరివి అని అడిగాడు. గుంజుకున్నవాడివే అన్నాడు హాతీరాం. గుంజుకోలేకపోతే అన్నాడు మోతీ బా. దెబ్బలు తినిపోవడమే అన్నాడు హాతీరాం. ముసలాయన మీసం కింద పెదవులు కదిలాయి. ఇంత మంచి పద్ధతి మా వాళ్ళు ఎప్పుడు వదిలేశారో అని పెద్దగా నవ్వేశాడు. వీధంతా గొల్లుమంది. ఝమ్కూ ఎప్పుడు తెచ్చుకుందో, చేతిలో రోకలి పట్టుకుని బాలి పక్కన నిలబడింది. మంగ్లీ చీపురు అందుకుంది.

బాలి మాత్రం కదల్లేదు. వాడన్న మాట ఇంకా చెవుల్లో గింగిరుమంటోంది. అంతమంది ముందు, అంత గట్టిగా.

హాతీరాం టోపీ తీసి జవాను చేతికిచ్చాడు. చేతులు పైకి మడుచుకున్నాడు. తండా కుర్రాడిలా ఒక కేక పెట్టి, అందరికంటే ముందు కుండ మీదికి ఉరికాడు. బాలి చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుంది, కర్ర ఎత్తింది, ఇన్నేళ్ళ బెంగా కోపమూ ప్రేమా అన్నీ కలిపి వాడి వీపు మీద చాచి కొట్టింది.

"గింతేనా యాడీ!" అన్నాడు వాడు, వీపు వంచి కుండకు వేలాడుతూ. "ఇంకోటి ఎయ్యి."

బాలి వేసింది.